ముందు పాడైన ఫోటోలు లెక్కపెట్టండి

ప్రశ్న: నా దగ్గర సోనీ ఏ6400 కెమెరా ఉంది. దానికి 16-50 కిట్ లెన్స్, 55-210 జూమ్ వాడుతున్నాను. మా అమ్మాయి డాన్స్ నేర్చుకుంటోంది, ఏడాదికి నాలుగైదు సార్లు స్టేజీ ఎక్కుతుంది. హాలంతా చీకటి, స్టేజీ మీద మాత్రమే లైట్లు. నా ఫోటోల్లో సగం షేక్ అవుతున్నాయి, మిగతా సగం గ్రెయిన్‌తో, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలతో నిండిపోతున్నాయి. మొన్న పక్క సీట్లో ఒకాయన తెల్ల లెన్స్‌తో తీసినవి చూపిస్తే నా కెమెరా అమ్మేద్దామనిపించింది. 70-200 ఎఫ్/2.8 లెన్స్ కొందామని ఏడాదిగా అనుకుంటున్నాను. దాని ధర నా కెమెరా కంటే చాలా ఎక్కువ. డాన్స్ స్కూల్ వాళ్లు తమ ప్రోగ్రాములు తీస్తే డబ్బులిస్తామంటున్నారు కూడా. షాపతను ఇది ఖర్చు కాదు పెట్టుబడి అంటున్నాడు. మా ఆవిడేమో "ఉన్న లెన్స్‌తో తీయడం వచ్చా ముందు?" అంటోంది. కొనమంటారా, వద్దంటారా? కొంటే లెన్స్ ముందు బిగించే యూవీ ఫిల్టర్ కూడా తప్పనిసరా?

జవాబు: ఒక్క ముక్కలో చెప్పమంటే, ఇప్పుడే కొనకండి. వచ్చే ప్రోగ్రాంకి అదే లెన్స్ ఒక్కరోజు అద్దెకు తెచ్చుకుని తీయండి. ఆ తర్వాత కూడా కొనాలనిపిస్తే నేను అడ్డు చెప్పను. అయితే అద్దెకు తెచ్చే ముందు చేయాల్సిన పని ఒకటుంది. దానికి పైసా ఖర్చు లేదు, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది.

ఇలాంటి లెన్స్ మీద మనసు పడ్డవాళ్లందరం దాంతో తీయబోయే ఫోటోలనే ఊహించుకుంటాం. నేనూ అంతే. చూడాల్సింది మాత్రం ఇప్పటిదాకా పాడైనవాటిని. పోయిన రెండు ప్రోగ్రాముల్లో తీసినవన్నీ కంప్యూటర్లో తెరవండి. బాగా వచ్చినవి పక్కన పెట్టేయండి, వాటితో మనకు పనిలేదు. బాగా రానివి ఒక్కొక్కటీ పెద్దది చేసి, ఎందుకు పాడైందో చూడండి. అన్నిటికీ "షేక్ అయింది" అనే ఒకే మాట సరిపోదు. షేక్‌లా కనిపించేవి మూడు రకాలుంటాయి, మూడింటికీ మందులు వేరు.

స్టేజీ మీద చెక్క పలకల గీతలు, వెనక తెర ముడతలు స్పష్టంగా ఉండి, అమ్మాయి చెయ్యి మాత్రం గాల్లో తెల్లటి చారలా సాగిపోయిందనుకోండి. అక్కడ మీ చెయ్యి కదల్లేదు, ఆమె చెయ్యి కదిలింది. షట్టర్ స్పీడ్ చాలలేదన్నమాట. అలా కాకుండా తెర, నేల, లైట్లు అన్నీ ఒకే వైపుకు కాస్త జరిగినట్టుంటే కదిలింది మీ చెయ్యి. ఇక తెర ముడతలు కత్తిలా ఉండి, ముందున్న ముఖం మాత్రం మెత్తగా ఉంటే అది ఫోకస్ తప్పడం. మూడో రకం చాలామందికి షేక్‌లాగే అనిపిస్తుంది. నేను కూడా రెండేళ్లపాటు ఫోకస్ తప్పిన ఫోటోలకి చీకటినే తిట్టుకున్నాను. ఇవి కాక నాలుగో కుప్ప ఒకటుంటుంది. అందులో అన్నీ స్పష్టంగానే ఉంటాయి గానీ, అమ్మాయి వెనక్కి తిరిగి ఉంటుంది, లేదా ముందు సీట్లో తల అడ్డొస్తుంది, లేదా భంగిమ అయిపోయిన అర సెకను తర్వాత బటన్ నొక్కి ఉంటారు.

మీరు కొనాలనుకుంటున్న లెన్స్ ఖచ్చితంగా నయం చేసేది మొదటి కుప్పని. రెండోదాన్ని కొంతవరకు. మూడోదాన్ని కాస్త. నాలుగోదాన్ని ఎంత ఖరీదైన గాజూ ఏమీ చేయలేదు. కాబట్టి కొనాలా వద్దా అన్నది మొదటి కుప్ప ఎంత పెద్దదో చూస్తే సగం తేలిపోతుంది.

మొదటి కుప్పలో కూడా కొన్ని లెన్స్ తప్పు వల్ల పాడైనవి కావు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ సమస్యలో పెద్ద భాగం ఇక్కడే ఉందని నా అనుమానం. స్టేజీ ఫోటోలో ముప్పాతిక వంతు నల్లటి తెర, చీకటి. మధ్యలో లైటు పడిన మనిషి. కెమెరా ఆటోలో ఉంటే ఆ నలుపంతా చూసి, "అయ్యో చీకటిగా ఉంది" అనుకుని, నల్ల తెరను బూడిద రంగులోకి తేవడానికి షట్టర్‌ని ఎక్కువసేపు తెరుస్తుంది. ఫలితంగా ముఖం తెల్లగా మాడిపోతుంది, చెయ్యి సాగిపోతుంది. రెండు నష్టాలూ ఒకేసారి. ఆటో వదిలి డయల్‌ని A (అపర్చర్ ప్రయారిటీ, అపర్చర్ అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే దారి) మీద పెట్టండి. ఐఎస్ఓని, అంటే వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకెని, ఒకచోట ఆపండి. అది పెంచితే గ్రెయిన్ పెరుగుతుంది. తర్వాత ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని, అంటే ఫోటో ఎంత వెలుగ్గా రావాలో చెప్పే సెట్టింగ్‌ని, మైనస్ ఒకటికో, మైనస్ రెండుకో తిప్పండి. మైనస్ ఒకటి అంటే షట్టర్ రెండింతలు వేగం, మైనస్ రెండు అంటే నాలుగింతలు. సెకనులో వందో వంతు తెరుచుకుంటున్న షట్టర్ నాలుగువందో వంతుకి వెళుతుంది, ఐఎస్ఓ ఏమీ పెంచకుండానే. ఇది చేసి చూడకుండా పెద్ద లెన్స్ కొంటే, దాన్ని కూడా కెమెరా అలాగే తప్పుగా నడుపుతుంది.

పనిలో పనిగా రా ఫార్మాట్‌లో, అంటే కెమెరా జేపెగ్‌గా మార్చని ముడి ఫైలుగా తీయడం మొదలుపెట్టండి. గ్రెయిన్ తగ్గించే సాఫ్ట్‌వేర్ ఈ మధ్య చాలా ముందుకెళ్లింది. 2023లో అడోబీ వాళ్లు లైట్‌రూమ్‌లో ఏఐ డినాయిజ్ తెచ్చారు, డీఎక్స్ఓ వాళ్ల ప్యూర్‌రా కూడా అలాంటిదే. ఐఎస్ఓ 6400లో తీసిన రా ఫైలుని వాటిలో వేసి చూస్తే, మీరు పారేద్దామనుకున్న గ్రెయిన్ ఫోటోల్లో చాలావరకు వెనక్కి వస్తాయి. అయితే సాగిపోయిన చేతిని ఏ సాఫ్ట్‌వేరూ నమ్మదగినట్టు వెనక్కి తేలేదు. అందుకే గ్రెయిన్‌కి భయపడి ఐఎస్ఓ తగ్గించుకుని షట్టర్ స్పీడ్ పోగొట్టుకోవద్దు. గ్రెయిన్ ఉన్న ఫోటోని బతికించవచ్చు.

మూడో కుప్ప, అంటే ఫోకస్ తప్పినవి ఎక్కువగా ఉంటే మీకు మంచి వార్త. మీ ఏ6400లో మనిషి కన్ను పట్టుకుని వెంబడించే ఫోకస్ ఉంది. దాన్ని కంటిన్యువస్ మోడ్‌లో, అంటే ఏఎఫ్-సీలో పెట్టి వాడుతున్నారా? చాలామంది సింగిల్‌లోనే ఉంచేస్తారు. ఇంకో చిన్న మాట: చప్పుడు రాకూడదని సైలెంట్ షట్టర్ పెట్టుంటే, ఎల్‌ఈడీ లైట్ల కింద ఫోటో మీద అడ్డంగా చారలు పడొచ్చు. అది లెన్స్ లోపం అనుకోవద్దు.

ఇప్పుడు అసలు లెన్స్ సంగతి. ఎఫ్/2.8 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాని ధర, బరువు రెండూ అర్థమవుతాయి. ఫోకల్ లెంగ్త్‌ని, అంటే 55, 200 లాంటి జూమ్ అంకెని, ఈ 2.8 లాంటి అంకెతో భాగిస్తే లెన్స్ లోపలికి వెలుగు వచ్చే దారి ఎంత వెడల్పో వస్తుంది. మీ 55-210 చివరిదాకా జూమ్ చేస్తే ఎఫ్/6.3 దగ్గర ఆగుతుంది. 210ని 6.3తో భాగిస్తే 33 మిల్లీమీటర్లు. 200ని 2.8తో భాగిస్తే 71. దారి రెండింతలకు పైగా వెడల్పయితే, వెలుగు ఐదు రెట్లు వస్తుంది. మీ లెన్స్‌తో సెకనులో వందో వంతు దగ్గర సాగిపోయిన చెయ్యి, అదే వెలుగులో, అదే ఐఎస్ఓలో, ఆ లెన్స్‌తో ఐదువందో వంతు దగ్గర ఆగిపోతుంది. వేళ్ల మధ్య సందులు కూడా కనబడతాయి. మీ పక్కాయన ఫోటోల్లో మీరు చూసింది ఇదే. ఇది నిజమైన తేడా, కంపెనీ ప్రకటన మాట కాదు.

దానికి మూల్యం కూడా అక్కడే ఉంది. 71 మిల్లీమీటర్ల దారికి తగ్గ గాజు ముక్కలు ముందు నుంచి వెనకదాకా పేర్చాలి. మీ 55-210 బరువు 345 గ్రాములు. సోనీ వాళ్ల ఖరీదైన శ్రేణి 70-200 ఎఫ్/2.8 జీఎం 2016లో వచ్చినప్పుడు ట్రైపాడ్ కాలర్ (స్టాండుకి బిగించే పట్టీ) తీసేస్తే 1480 గ్రాములు. 2021లో వచ్చిన రెండో తరంలో దాన్ని 1045కి దించారు, ఇంజనీరింగ్‌లో అది పెద్ద విజయమే. అయినా మీ లెన్స్‌కి మూడింతలు. మీ కెమెరా బాడీ 403 గ్రాములే కాబట్టి, లెన్స్‌కి కెమెరా తగిలించినట్టుంటుంది తప్ప కెమెరాకి లెన్స్ తగిలించినట్టు ఉండదు. చిన్న గ్రిప్ పట్టుకుని మూడు గంటల ప్రోగ్రాం తీస్తే, రెండో గంటలో మణికట్టు చెబుతుంది. నా పాత 70-200ని కొన్న ఉత్సాహంలో మొదటి ఆరు నెలలు ప్రతిచోటికీ మోశాను. తర్వాత తర్వాత "ఈసారికి చిన్నది చాల్లే" అని ఇంట్లో వదిలేయడం మొదలైంది. ఖరీదైన లెన్స్ అల్మారాలో ఉండగా, చేతిలో ఉన్న చవక లెన్స్‌తో తీసిన ఫోటోలు నా దగ్గర బోలెడు.

తెల్ల రంగు గురించి కూడా ఒక ముక్క. పెద్ద టెలీ లెన్సులకి ఆ రంగు వేసేది ఎండలో లోపలి గాజు తక్కువ వేడెక్కాలని. హాల్లో ఏసీ కింద దాని ఉపయోగం పక్క సీటువాళ్ల గుండెలో మంట పెట్టడం వరకే.

లెన్స్‌లో ఉండే స్టెబిలైజేషన్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. అది మీ చెయ్యి వణుకుని ఆపుతుంది, అమ్మాయి తిరగడాన్ని ఆపలేదు. కొత్తలో నేను దీన్ని నమ్మే మోసపోయాను. స్టెబిలైజేషన్ ఉంది కదా అని అరవయ్యో వంతు దగ్గర ఒక ప్రోగ్రాం మొత్తం తీశాను. ఇంటికొచ్చి చూస్తే తెర మీద కుట్లు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి, డాన్సర్లు మాత్రం దయ్యాల్లా ఉన్నారు. అయినా మీ విషయంలో స్టెబిలైజేషన్ పూర్తిగా అనవసరమని కూడా అనను. ఏ6400 బాడీలో స్టెబిలైజేషన్ లేదు. లెన్స్‌లో కూడా లేకపోతే 200 మిల్లీమీటర్ల దగ్గర వ్యూఫైండర్‌లో బొమ్మ గంతులేస్తుంది, ఫ్రేమ్ పట్టుకోవడమే కష్టం. చవకలో దొరికే ప్రత్యామ్నాయం కోసం వెతికేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. ట్యామ్రాన్ 70-180 ఎఫ్/2.8 మొదటిది 2020లో వచ్చింది, 810 గ్రాములే, గాజు చాలా మంచిది, కానీ స్టెబిలైజేషన్ లేదు. 2023లో వచ్చిన రెండో తరం జీ2లో పెట్టారు, బరువు 855కి పెరిగింది. మీ కెమెరాకి ఈ రెండిట్లో రెండోదే తగినది.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటుంది, షాపుల్లో దీన్ని ఎవరూ చెప్పరు. మీరు హాల్లో ఎక్కడ కూర్చుంటారు? మీది క్రాప్ సెన్సర్, అంటే ఫుల్ ఫ్రేమ్ (పాత 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ సైజు) కంటే చిన్నది. దాని మీద 70-200 పెడితే, ఫుల్ ఫ్రేమ్‌లో 105-300 పెట్టినట్టుంటుంది. దూరంగా కూర్చునేవాళ్లకి ఇది వరం. మీరు ముందు వరసల్లో, స్టేజీకి ఎనిమిది మీటర్ల దూరంలో ఉన్నారనుకోండి. కెమెరా అడ్డంగా పట్టుకుంటే, 70 దగ్గర కూడా ఫ్రేమ్‌లో పట్టేది ఒక మీటరు 78 సెంటీమీటర్ల ఎత్తే. మనిషి నిలబడితే తలా పాదాలూ ఫ్రేమ్ అంచులకి ఆనుకుంటాయి, చేతులు పైకెత్తితే తెగిపోతాయి. డాన్స్ ఫోటోలో వేళ్ల కొసలు తెగితే ఇంకేం మిగులుతుంది? నిలువుగా పట్టుకుంటే రెండు మీటర్ల 70 దాకా వస్తుంది, అప్పుడు ఒక్కరికి సరిపోతుంది. కానీ పది మీటర్ల స్టేజీ మొత్తం, ఎనిమిదిమంది వరసగా నిలబడ్డ ఫోటో కావాలంటే, 70తో మీరు ముప్పై మీటర్లు వెనక్కి వెళ్లాలి. అంటే చాలా హాళ్లలో గోడ దాటి బయట నిలబడాలి.

దీన్ని కొనకుండానే పరీక్షించవచ్చు. మీ 55-210ని 70 దగ్గర పెట్టి, అంతకంటే వెనక్కి తిప్పనని ఒట్టు పెట్టుకుని ఒక పాట మొత్తం తీయండి. ఎన్నిసార్లు వేలు వెనక్కి తిప్పబోయిందో మీకే తెలుస్తుంది. ఇంకో దారి, పాత ఫోటోల వివరాల్లో ఒక్కోటి ఏ ఫోకల్ లెంగ్త్ దగ్గర తీశారో రాసి ఉంటుంది. లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో వాటిని వరసగా చూడొచ్చు. మీకు నచ్చిన ఫోటోలు ఎక్కువగా 55కి 90కి మధ్య తీసినవైతే, మీకు కావాల్సింది 70-200 కానే కాదు. 150 నుంచి 210 మధ్య ఉంటే మాత్రం మీ కోరికకి కారణం ఉంది.

55-90 మధ్య ఉన్నాయనుకుని మాట్లాడదాం, ముందు వరసల్లో కూర్చునే తల్లిదండ్రులకి మామూలుగా అలాగే ఉంటాయి. అప్పుడు నేనైతే సోనీ 85 ఎఫ్/1.8 చూస్తాను. 371 గ్రాములు, ధర మీరు అనుకుంటున్నదాంట్లో చిన్న భాగం. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/1.8లో తొమ్మిదిన్నర రెట్ల వెలుగు వస్తుంది, 2.8 జూమ్ కంటే కూడా రెండింతలకు పైనే. ఎనిమిది మీటర్ల నుంచి నిలువుగా పట్టుకుంటే రెండు మీటర్ల 20 సెంటీమీటర్లు పడుతుంది. ఇంకా దగ్గర కూర్చుంటే సిగ్మా 56 ఎఫ్/1.4 ఉంది, అది 280 గ్రాములే. ప్రైమ్ లెన్స్‌లో జూమ్ లేదు కదా అంటారు. నిజమే, లేదు. కానీ మీ కెమెరాది 24 మెగాపిక్సెల్. 85తో తీసిన ఫోటోలో మధ్య సగాన్ని కత్తిరిస్తే 170తో తీసిన ఫ్రేమ్ వస్తుంది, ఆరు మెగాపిక్సెల్ మిగులుతుంది. పది అంగుళాల ప్రింటుకి అది చాలు. కత్తిరించినప్పుడు గ్రెయిన్ కూడా పెద్దదై కనబడుతుంది, అది దాచను. లెక్క వేస్తే 170 దగ్గర ఎఫ్/3.6 లెన్స్‌తో తీసినంత గ్రెయిన్ ఉంటుంది. 2.8 అంత శుభ్రంగా ఉండదు, మీ ఇప్పటి 6.3 కంటే చాలా మెరుగు. ఈ లెక్క ముందే తెలిసుంటే నేను రెండేళ్లు ఆలస్యంగా పెద్ద లెన్స్ కొనేవాణ్ణి.

మరి 2.8 జూమ్‌కి అంత పేరెందుకు? ప్రొఫెషనల్స్ దాన్ని మోసేది వెలుగు కోసం మాత్రమే అయితే అందరూ ప్రైమ్‌లే వాడేవాళ్లు. వాళ్లు స్టేజీ దగ్గర ఒకచోట నిలబడాలి, కదలకూడదు, లెన్స్ మార్చే టైమ్ ఉండదు, రెండో చాన్స్ అసలే ఉండదు. ఒక క్షణం ముఖం కావాలి, రెండో క్షణం నలుగురూ కావాలి. ఇంకోటి, జూమ్ చేసినా అపర్చర్ మారదు. మీ 55-210లో 55 దగ్గర ఎఫ్/4.5, 210 దగ్గర ఎఫ్/6.3. మాన్యువల్‌లో అన్నీ సరిగ్గా సెట్ చేసుకుని జూమ్ తిప్పగానే ఫోటో ఒక స్టాప్, అంటే వెలుగు సగమయ్యేంత, చీకటిపడుతుంది. 2.8 జూమ్‌లో ఆ టెన్షన్ లేదు, లైటు మారేదాకా సెట్టింగ్ ముట్టుకోనక్కర్లేదు. జూమ్‌కీ 2.8కీ ఈ జత కొత్తదేం కాదు. 35 మిల్లీమీటర్ల స్టిల్ కెమెరా కోసం వచ్చిన మొట్టమొదటి జూమ్, 1959 నాటి ఫోక్ట్‌లాండర్ జూమర్, అది కూడా 36-82 ఎఫ్/2.8. అప్పటినుంచీ ఫోటోగ్రాఫర్ల కోరిక ఒక్కటే అన్నమాట.

వెనక భాగం మెత్తగా కరిగిపోయే అందం కూడా నిజమే, కానీ డాన్స్‌లో అది రెండువైపులా పదునున్న కత్తి. మీ సెన్సర్ మీద, 200 దగ్గర, ఎఫ్/2.8లో, పది మీటర్ల దూరాన ఉన్న మనిషిపై ఫోకస్ చేస్తే స్పష్టంగా వచ్చే లోతు దాదాపు 28 సెంటీమీటర్లు. ఒక్కర్నే తీస్తే అద్భుతం. రెండు వరసల్లో నిలబడి చేస్తుంటే మాత్రం వెనక వరసలో మీ అమ్మాయి ఉంటే ఆమె ఒక రంగు మచ్చ. అలాంటప్పుడు ఎఫ్/5.6కి దిగక తప్పదు. దిగాక, మీరు డబ్బు పెట్టి కొన్న ఆ వెలుగు అక్కడితో ఖాళీ.

డాన్స్ స్కూల్ ఆఫర్ గురించి. డబ్బు తీసుకుంటే మీ స్థానం మారిపోతుంది. ఇంతకుముందు ఫోటో పాడైతే మీకు బాధ, ఇప్పుడు ఇరవైమంది తల్లిదండ్రులకి కోపం. ఆ పరిస్థితిలో 2.8 జూమ్ ఉండడం న్యాయమే. అయితే మొదటి రెండు మూడు ప్రోగ్రాములకి అద్దె లెన్స్‌తో వెళ్లండి, అద్దెని మీ రేటులోనే కలపండి. కొనాలా వద్దా అన్న లెక్క ఇలా వేసుకోండి: లెన్స్ ధరలోంచి, రెండేళ్ల తర్వాత అమ్మితే ఎంత వస్తుందో అది తీసేయండి. మిగిలినదాన్ని ఒక రోజు అద్దెతో భాగించండి. వచ్చిన అంకె, రెండేళ్లలో మీరు దాన్ని నిజంగా బయటికి తీసే రోజుల కంటే ఎక్కువైతే అద్దే లాభం. ఏడాదికి నాలుగైదు ప్రోగ్రాములంటే రెండేళ్లకి పది రోజులు. స్కూల్ వాళ్లు నెలకోటి ఇస్తే ఇంకో ఇరవైనాలుగు. ఈ లెక్కలో మీ ఆశలు కలపకండి, వాళ్లు తేదీతో సహా ఖాయం చేసినవి మాత్రమే వేయండి.

"పెట్టుబడి" అన్న మాట విని నవ్వొచ్చింది. సంపాదించి పెట్టేది పెట్టుబడి, అల్మారాలో కూర్చునేది వస్తువు. లెన్స్ విలువ బాడీ కంటే నెమ్మదిగా తగ్గుతుందన్నంత వరకు ఆయన మాట నిజం. కానీ కొత్త తరం వచ్చిన రోజు పాతదాని ధర పడుతుంది. 1480 గ్రాములది చేతిలో ఉన్నవాడికి 1045 గ్రాములది వచ్చినప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ పడిన ధర కొనేవాడికి మాత్రం మంచిదే, మొదటి తరం జీఎం సెకండ్ హ్యాండ్‌లో చూడొచ్చు.

సెకండ్ హ్యాండ్ అంటే నాకు ఒక దెబ్బ గుర్తొస్తుంది. ఒకసారి పైకి కొత్తదిలా మెరిసిపోతున్న జూమ్ కొన్నాను. గీత లేదు, ఫంగస్ లేదు, ఫోకస్ చురుగ్గా ఉంది. అమ్మినతను ఒక ముఖం ఫోటో తీసి చూపించాడు, సూదిలా ఉంది. నెల తర్వాత ఒక గ్రూప్ ఫోటో తీస్తే ఎడమ పక్కన నిలబడ్డ ముగ్గురూ మసకగా ఉన్నారు. మళ్లీ తీస్తే మళ్లీ ఆ పక్కే. ఎప్పుడో కింద పడి లోపలి గాజు ఒకటి పక్కకి ఒరిగిందని సర్వీస్‌లో తేలింది. అందుకని మీరు కొనేటప్పుడు ఇటుకల గోడనో, టైల్స్ గోడనో ఎదురుగా నిలబడి, అపర్చర్ పూర్తిగా తెరిచి, 70లో, 135లో, 200లో తలో ఫోటో తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. నాలుగూ ఒకేలా కాస్త మెత్తగా ఉంటే పర్వాలేదు. ఒక్క మూల మాత్రమే మసకైతే దండం పెట్టి వచ్చేయండి. ఫోన్ టార్చ్‌ని వెనకనుంచి వేసి లోపల సాలెగూడులాంటి పోగులున్నాయా చూడండి, అది ఫంగస్. ముందు గాజు మీద చిన్న గీత ఫోటోలో దాదాపు కనబడదు, వెనక గాజు మీద గీత మాత్రం కనబడే ప్రమాదం ఉంది.

మీ శ్రీమతి ప్రశ్నకి వద్దాం. "ఆడలేక మద్దెల ఓడు" అన్న అర్థంలో ఆమె అని ఉంటే, సగం ఒప్పుకోండి. కాంపెన్సేషన్, ఏఎఫ్-సీ, రా ఫైలు, భంగిమ ఆగే క్షణం కోసం కాచుకోవడం, ఇవి ఉన్న లెన్స్‌తోనే చేయాల్సినవి. డాన్సర్ ఎగిరినప్పుడు పైకొస వద్ద ఒక్క క్షణం ఆగినట్టవుతుంది, అక్కడ రెండువందో వంతు కూడా చాలుతుంది. మీ అమ్మాయి రోజూ ఇంట్లో ప్రాక్టీస్ చేస్తుంది కదా, ఏ తాళానికి ఎక్కడ ఆగుతుందో ఆ హాల్లో ఉన్న ఏ ప్రొఫెషనల్ కంటే మీకే బాగా తెలుసు. మిగతా సగం ఒప్పుకోనక్కర్లేదు. ఇవన్నీ చేశాక కూడా, 150 దాటిన దగ్గర, ఎఫ్/6.3లో, సాగిపోయిన చేతుల కుప్ప అలాగే మిగిలితే, అప్పుడు మద్దెల నిజంగానే ఓడే. ఆ ఫోటోలు ఆమెకి చూపించండి, అద్దె లెన్స్‌తో తీసినవి పక్కన పెట్టి. బహుశా ఆమే కొనమంటుంది.

ఇక యూవీ ఫిల్టర్. తప్పనిసరి కాదు. సముద్రం ఒడ్డున, ఇసుక, దుమ్ము ఎగిరేచోట గాజుని కాపాడుతుంది, అక్కడ పెట్టుకోండి. దెబ్బ తగలకుండా లెన్స్‌తో వచ్చే, ముందు తొడిగే గొట్టం లాంటి హుడ్డే ఎక్కువ కాపాడుతుంది. చీకటి స్టేజీ మీద మాత్రం ఫిల్టర్ వల్ల ఒక చికాకు ఉంది: ఎదురుగా ఉన్న స్పాట్‌లైట్ ఆ చదునైన గాజుకీ లెన్స్‌కీ మధ్య తగిలి వెనక్కి వచ్చి, నల్ల తెర మీద పచ్చటి చుక్కలా తేలుతుంది, ఒక్కోసారి సరిగ్గా ముఖం మీదే. ప్రోగ్రాం మొదలయ్యేముందు దాన్ని విప్పి జేబులో వేసుకోండి.